బాథెల్ పెరట్లో ఎనిమిది రాస్ప్‌బెర్రీ మొక్కలు: దాహం అనుకున్న జబ్బు

2022 మే నెల, ఒక శనివారం పొద్దున. సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న బాథెల్‌లో ఒక తెలుగు కుటుంబం పెరట్లో నేను పార పట్టుకుని నిలబడ్డాను. కంచె వెంట ఎనిమిది రాస్ప్‌బెర్రీ మొక్కలు వరుసగా ఉన్నాయి. పల్లం వైపు మూడు పూర్తిగా ఎండిపోయాయి. మధ్యలో మూడింటికి చిగుళ్లు వచ్చి, అరచేయంత కూడా కాకముందే వేలాడిపోయాయి. మెరక వైపున్న రెండు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నానక్కా, అయినా ఇలా అయిపోతున్నాయి" అంది ఆ ఇంటి అమ్మాయి. పక్కనే వాళ్ల నాన్నగారు నిలబడి ఉన్నారు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు మిరప రైతు. కూతురి దగ్గరికి వచ్చి నెల కూడా కాలేదు. ఏమీ మాట్లాడకుండా మట్టిని చేతిలోకి తీసుకుని పిసికి చూస్తున్నారు.

నేను మాస్టర్ గార్డెనర్ వాలంటీర్‌ని. ఇంటి తోటలు వేసుకునేవాళ్లకి ఉచితంగా సలహాలివ్వడానికి స్థానికులకే శిక్షణ ఇచ్చే ఈ పద్ధతి 1973లో ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే మొదలైంది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ బెర్రీల గురించే. ఈ కేసుని ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటే: ఇందులో మొదటి తప్పు నాది.

ముందేం జరిగింది

వీళ్లు 2018లో ఈ ఇల్లు కొన్నారు. 2019 మార్చిలో ట్యులమీన్ అనే రకం మొక్కలు ఎనిమిది తెచ్చి, వెనక కంచె పక్కన నాటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తయారైన రకం అది. పండు పెద్దది, రుచి చాలా బాగుంటుంది. 2020 జులైలో పిల్లలు గిన్నెలు పట్టుకుని కోసుకునేంత కాపొచ్చింది.

2021 జూన్ చివర్లో ఈ ప్రాంతాన్ని వడగాడ్పు కమ్మేసింది. జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో 108 ఫారెన్‌హీట్, అంటే 42 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. మన రెంటచింతల వాళ్లకి అదో లెక్క కాదు కానీ, జూన్‌లో 22, 23 డిగ్రీలకి అలవాటుపడ్డ మొక్కలకి అది నిప్పే. సరిగ్గా పండు తిరిగే సమయం కూడా. ఈ రాష్ట్రమంతటా రాస్ప్‌బెర్రీలు చెట్టు మీదే ఉడికినట్టైపోయాయి.

జులై మొదటి వారంలో ఆ అమ్మాయి నాకు వాట్సాప్‌లో ఫోటో పంపింది. వాడిన ఆకులు, మాడిన అంచులు. ఎండ దెబ్బే అనుకుని "రోజూ సాయంత్రం నీళ్లు పెట్టమ్మా, కోలుకుంటాయి" అని రాశాను. ఫోటోలో ఒక విషయం స్పష్టంగానే ఉంది, నేను చూడలేదు. వాడిన మొక్కలన్నీ ఒకే వైపున్నాయి. ఎండ దెబ్బ అయితే వరుస మొత్తానికీ తగలాలి కదా. ఆమె నా మాట నమ్మి సెప్టెంబర్ దాకా రోజూ తడిపింది. ఆ రెండు నెలల నీళ్లు జబ్బుకి మేత పెట్టినట్టయ్యాయి. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంచుకున్నాను.

తవ్వి చూస్తే

మేలో వెళ్లినప్పుడు ముందుగా కొత్త చువ్వల కోసం వెతికాను. రాస్ప్‌బెర్రీకి వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది, పైన లేచే చువ్వలు మాత్రం రెండేళ్లే బతుకుతాయి. కాబట్టి ప్రతి వసంతంలోనూ మట్టిలోంచి కొత్త చువ్వలు పొడుచుకు రావాలి. ఏప్రిల్, మే నెలల్లో వరుస కింద చూస్తే ఆకుపచ్చ మొలకలు పిలకల్లా కనిపించాలి. నీళ్లు చాలని మొక్కకి కూడా ఆకులు వాలతాయి, కానీ చల్లబడేసరికి మళ్లీ లేస్తాయి, కింద పిలకలు మాత్రం ఆగవు. ఇక్కడ పల్లంలో పిలక అన్నది లేదు. మధ్య మొక్కల దగ్గర నాలుగైదు వచ్చినా, కొనలు కొంకిలా కిందికి వంగిపోయి ఉన్నాయి.

పిలకలు లేవంటే జబ్బు కిందే ఉందని అర్థం. అయినా మిగతా కారణాలు ఒక్కొక్కటీ చూశాను. మొదలు దగ్గర చువ్వని నిలువుగా చీలిస్తే లోపల పురుగు తొలిచిన సొరంగం లేదు, రంపపు పొట్టూ లేదు. కాబట్టి మొదలు తొలిచే పురుగు కాదు. చలికి దెబ్బతిన్న చువ్వలైతే పై భాగం ఎండి, కింద నుంచి పిలకలు బాగానే వస్తాయి. అదీ కాదు.

అప్పుడు వాడుతున్న మొక్కనొకదాన్ని వేళ్లతో సహా పెకలించాను. మామూలుగా అయితే పెకలించడానికి చెమట పట్టాలి. ఇది చేత్తో లాగితే వచ్చేసింది. సన్న వేళ్లు లేనే లేవు. లావు వేరుని చాకుతో గీరితే పైతోలు కింద తెల్లగా ఉండాల్సింది ఇటుక రంగులో, గోధుమ ఎరుపులో ఉంది. కొంచెం పైకి గీరితే ఆ ఎరుపు గీత గీసినట్టు ఆగి, అక్కడి నుంచి తెలుపు మొదలైంది. రాస్ప్‌బెర్రీలో ఆ గీత కనిపిస్తే నా అనుమానం ఫైటోఫ్తోరా మీదికే పోతుంది. వేరుకుళ్లు. ప్యూయలప్‌లోని యూనివర్సిటీ ల్యాబ్‌కి వేళ్లు పంపితే అక్కడా అదే తేలింది.

ఈ పేరు మనకి కొత్తగా అనిపిస్తుంది కానీ దీని చుట్టాలు మన ఊళ్లలోనే ఉన్నారు. గోదావరి జిల్లాల్లో కొబ్బరికి వచ్చే మొవ్వు కుళ్లు, బత్తాయి నిమ్మ తోటల్లో వచ్చే బంక తెగులు, 1845లో ఐర్లాండ్‌లో బంగాళాదుంపని నాశనం చేసి కరువు తెచ్చిన తెగులు, అన్నీ ఈ జాతివే. దీన్ని బూజు తెగులు అనేస్తాం కానీ అసలైన శిలీంధ్రం కాదిది. దీని బీజాలకి ఈదే తోకలుంటాయి. మట్టిలో నీళ్లు నిలిస్తే ఆ నీళ్లలో ఈదుకుంటూ వేరు నుంచి వేరుకి చేరతాయి. నీళ్లు నిలవకపోతే వాటికి దారి లేదు. ఈ కేసులో మేం ఆ తర్వాత చేసిన ప్రతి పనీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది.

నీళ్లెందుకు నిలిచాయి

బయటివాళ్లకి సియాటిల్ అంటే వాన. నిజానికి ఏడాది మొత్తం మీద పడేది దాదాపు 37 అంగుళాలు, అంతే. కానీ అందులో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి మార్చి లోపు, సన్నగా, విడవకుండా పడుతుంది. జులై, ఆగస్టుల్లో చుక్క పడని వారాలుంటాయి. అంటే మొక్క నిద్రలో ఉండి నీళ్లు తాగలేని కాలంలో నేల నానిపోతుంది, తాగే కాలంలో ఎండిపోతుంది.

దానికి తోడు నేల. పదహారు, పదిహేడు వేల ఏళ్ల కిందట ఈ ప్రాంతం మీద వేల అడుగుల మందాన మంచు పలక కూర్చుని ఉండేది. దాని బరువుకి కింద మట్టీ రాళ్లూ కలిసి కాంక్రీటులా అణిగిపోయాయి. ఇక్కడ దాన్ని హార్డ్‌పాన్ అంటారు. పార దిగదు, గునపం ఖంగుమంటుంది. దాని మీదున్న మంచి మట్టి ఎక్కడైనా రెండు మూడు అడుగులే, కొత్త కాలనీల్లో ఇంకా తక్కువ.

మేం కంచె దగ్గర తవ్వితే 17 అంగుళాలకి ఆ గట్టి పొర తగిలింది. పల్లం వైపు అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి స్కేలు పెట్టాం. నాలుగు గంటల్లో అంగుళం కూడా దిగలేదు. గంటకి అంగుళం దిగితే రాస్ప్‌బెర్రీకి ఫర్వాలేదు అనుకుంటాం. ఇంకో సంగతి ఆ ఇంటి చుట్టూ తిరిగాక తెలిసింది. ఇంటి కప్పు మీది వాననీళ్లు దించే గొట్టం సరిగ్గా ఈ వరుస పల్లపు మూలకే తెరుచుకుంటోంది. చలికాలమంతా సగం ఇంటి కప్పు మీది వాన ఆ మూడు మొక్కల కాళ్ల దగ్గరే పడుతోందన్నమాట. ముందు చచ్చినవి అవే.

నాన్నగారు అప్పటిదాకా మాట్లాడలేదు. గోతిలో కదలని నీళ్లని చూసి, "ఇదేందమ్మా, నల్లరేగడిలో వాన నిలబడితే మా మిరప ఇట్టాగే వాడిపోద్ది. కొత్తవాడు దాహమనుకుని ఇంకో తడి పెడతాడు, తెల్లారేసరికి చేను పడిపోద్ది. బోదె తోలకుండా ఎట్టా నాటారు?" అన్నారు.

ఆ మాటతో నా పని సగం తేలికైంది. మేం ఇక్కడ రెయిజ్డ్ బెడ్ (నేల కన్నా ఎత్తు చేసిన మడి) అని గంటసేపు వివరించేది ఆయనకి బోదె అనే ఒక్క మాటలో వచ్చేసింది. "అదే బాబాయిగారూ, బోదె తోలాల్సిందే" అన్నాను. ఆయన వెంటనే ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, నీళ్లు ఏ వైపుకి పోవాలి అని అడగడం మొదలుపెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. మెరక మీది రెండు మొక్కలూ బతికే ఉన్నాయి కదా, వాటి పిలకలు తీసి కొత్త చోట నాటుదాం, డబ్బు దండగెందుకు అన్నారాయన. రైతు కళ్లకి పచ్చని పిలకని పారేయడం చాలా కష్టం. కానీ ఈ తెగులున్న వరుసలోంచి తీసిన పిలకతో పాటు వేరుకంటిన మట్టీ వస్తుంది, మట్టితో పాటు జబ్బూ వస్తుంది. పైకి పచ్చగా ఉన్నా నమ్మలేం. చివరికి కూతురు సర్ది చెప్పాక ఒప్పుకున్నారు. ఎనిమిదింటినీ తీసేసి, కంపోస్టులో వేయకుండా చెత్తబండికి ఇచ్చేశాం. పారలు, బూట్లు కడిగి ఆరబెట్టాం. ఈ తెగులు బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి ఆ చోట మళ్లీ రాస్ప్‌బెర్రీ వేయకూడదని ముందే అనుకున్నాం. ఇప్పుడక్కడ పుదీనా ఉంది.

బోదె

కొత్త చోటు పెరటికి పై భాగంలో, తూర్పు కంచెకి పది అడుగుల దూరంలో ఎంచుకున్నాం. ఎండ రోజుకి ఏడెనిమిది గంటలు పడుతుంది. అక్కడ అదే గొయ్యి పరీక్ష పెడితే గంటకి అంగుళం పైనే దిగింది. అయినా నేల మట్టానికి నాటే ధైర్యం నాకు లేదు.

సెప్టెంబర్‌లో, ఊరికి తిరిగి వెళ్లే ముందు, నాన్నగారే బోదె వేశారు. ఇరవై అడుగుల పొడవు, పైన రెండున్నర అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. చెక్కల పెట్టె కట్టలేదు. రెండు పక్కలా పైమట్టి తవ్వి మధ్యలోకి ఎగదోశారు, ఆ తవ్విన చోటే కాలువలయ్యాయి. మట్టిలో మాగిన కంపోస్టు, కొంత జిప్సం కలిపాం. వేరుశనగ రైతులకి జిప్సం బాగా తెలిసిందే. ఎత్తు మడితో పాటు జిప్సం వాడితే రాస్ప్‌బెర్రీలో ఈ వేరుకుళ్లు తగ్గుతుందని అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. కప్పు నీళ్ల గొట్టానికి పొడుగు పైపు తగిలించి ఇంటి ముందు వైపుకి మళ్లించాం. ఖర్చులో అన్నిటికన్నా తక్కువ ఆ పైపుకే అయింది. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద మేలు చేసింది కూడా అదే.

రకం విషయంలో ఆ అమ్మాయికి ట్యులమీనే మళ్లీ కావాలని ఉంది. రుచిలో దానికి సాటి లేదన్నది నిజమే. కానీ ఈ తెగులుకి అది త్వరగా లొంగిపోతుంది. ప్యూయలప్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ కేంద్రంలో తయారైన కాస్కేడ్ డిలైట్ అనే రకం దీన్ని చాలావరకు తట్టుకుంటుంది, పండు కూడా పెద్దదే. తెగులు లేదని ధ్రువీకరించిన నర్సరీ నుంచే తెప్పించమన్నాను. 2023 మార్చి మొదట్లో మట్టి లేని వట్టి వేళ్ల మొక్కలు ఎనిమిది వచ్చాయి. రెండున్నర అడుగులకి ఒకటి చొప్పున నాటాం. వేర్లు నాటేదాకా తడి గుడ్డలో ఉంచి, అంగుళం మించి లోతుకి పోకుండా మట్టి కప్పాం. డ్రిప్ పైపు వేశాం. ఎండాకాలంలో వారానికి అంగుళం, మహా అయితే అంగుళంన్నర నీళ్లు. రోజూ తడపడం మానేయించడానికి నేను ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది. ఆ అమ్మాయికి ఆకు కాస్త వాలితే చాలు టెన్షన్. "ముందు వేలు మట్టిలో పెట్టి చూడు, రెండు అంగుళాల కింద తడి ఉంటే పైపు ముట్టుకోవద్దు" అని మాట తీసుకున్నాను.

ఆ ఏడాది మొక్కలు భుజం ఎత్తుకి పెరిగాయి. రెండు గుంజలు పాతి, మూడడుగుల ఎత్తులో ఒకటి, అయిదడుగుల ఎత్తులో ఒకటి తీగలు లాగి చువ్వల్ని కట్టాం.

కత్తెర

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె నుంచి ఫోన్. "అక్కా, మా ఆయన మొక్కలన్నీ నేలకి కోసేస్తున్నారు, ఆపమంటారా?" ఆపమన్నాను. అప్పటికే సగం వరుస అయిపోయింది.

ఆయన చేసింది పూర్తిగా తప్పని అనలేను. యూట్యూబ్‌లో ఎవరో చలికాలం చివర్లో రాస్ప్‌బెర్రీలన్నీ నేలమట్టం చేయమన్నారు. హెరిటేజ్, కెరొలిన్ లాంటి రకాలకి అది సరైన పద్ధతే. అవి అదే ఏడు పుట్టిన చువ్వ కొన మీద ఆగస్టు, సెప్టెంబర్‌లలో కాస్తాయి. కాస్కేడ్ డిలైట్ అలా కాదు. దాని చువ్వ మొదటి ఏడు పెరుగుతుంది, అంతే. చలికాలం గడిచాక రెండో ఏడు పూసి, జులైలో కాసి, చచ్చిపోతుంది. ఫిబ్రవరిలో నేలకి కోస్తే ఆ ఏటి కాపంతా కోసేసినట్టే.

ఒకే బోదె, ఒకే రకం, ఒకే నీళ్లు, సగం కోసినది, సగం కోయనిది. జులైలో కోయని పదడుగుల్లో మూడు కిలోల పైనే పండు వచ్చింది. కోసిన పదడుగుల్లో ఒక్క పండూ లేదు, కానీ కొత్త చువ్వలు మాత్రం పోటీ లేక ఏపుగా లేచాయి. అంతకు ముందు వందసార్లు నోటితో చెప్పిన విషయం ఆ వరుస పక్కన నిలబడి చూపిస్తే పిల్లలకి కూడా అర్థమైంది. ఇప్పుడు వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మే నెలలో కొత్తగా లేచిన ప్రతి చువ్వకీ నీలం ఊలు దారం కడతారు. జులై కోత అయ్యాక దారం లేనివన్నీ, అంటే కాసి అయిపోయినవి, మొదలుకంటా కోస్తారు. ఫిబ్రవరి చివర్లో దారమున్న వాటిలో బలమైనవి అడుగుకి నాలుగో అయిదో ఉంచి మిగతావి తీసేస్తారు. బక్క చువ్వల్ని ఉంచితే గాలి ఆడక పండుకి బూజు పడుతుంది, కాబట్టి ఇక్కడ జాలి పనికిరాదు.

కాసిన చువ్వకి తోలు గోధుమ రంగులో పొలుసులుగా ఊడుతుంటుంది, కొత్తది పచ్చగా నున్నగా ఉంటుంది. రెండేళ్లు చేశాక దారం అవసరం ఉండదు.

పండులో పురుగు

2024 జులై చివర్లో అమ్మగారు, అంటే అల్లుడి తల్లి, పండు విప్పి చూసి లోపల తెల్లటి పురుగు ఉందని మొత్తం గిన్నె పారబోయించారు. ఆమెది పొరపాటు కాదు. స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా అనే చిన్న ఈగ ఉంది. మామూలు ఈగలు కుళ్లిన పండు మీద గుడ్లు పెడితే, ఇది రంపంలాంటి కొనతో పండుతున్న మంచి పండుని కోసి లోపల పెడుతుంది. కాలిఫోర్నియాలో 2008లో బయటపడింది, మరుసటి ఏడే వాషింగ్టన్‌కి వచ్చేసింది.

కప్పు నీళ్లలో టేబుల్‌స్పూన్ ఉప్పు కలిపి, పదిహేను పండ్లు కాస్త నలిపి వేస్తే, పావుగంటలో పురుగులు పైకి తేలతాయి. మేం చూసినప్పుడు నాలుగు తేలాయి. మందు కొట్టమని నేను చెప్పలేదు, పిల్లలు చెట్టు దగ్గరే తినే పండు అది. రెండు రోజులకోసారి పొద్దున్నే అంతా కోయడం, నేల మీద పడ్డవి ఏరి సంచిలో మూట కట్టి చెత్తలో వేయడం, కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం. ఈ మూడే చేశారు. అంతకు ముందు వారానికోసారి శనివారం తీరిగ్గా కోసేవారు, ఈగకి ఆ వారం చాలు. పండు చేత్తో పట్టుకుంటే మెల్లగా బొడ్డు వదిలి రావాలి, తెల్లటి బొడ్డు మొక్కకే ఉండిపోవాలి. గుంజాల్సి వస్తే ఇంకా రెండు రోజులు ఆగాలి.

ఇప్పుడు

2025 జులైలో ఇరవై అడుగుల వరుసలో దాదాపు పదకొండు కిలోలు కోశారు. కాగితం మీద రోజువారీ రాసి పెట్టిన లెక్క అది. కొంత జామ్ అయింది, ఎక్కువ భాగం పిల్లలే తినేశారు. అమ్మగారు మిగలపండిన వాటితో ఎండుమిర్చి పోపు పెట్టి పచ్చడి చేశారు. నాకో సీసా ఇచ్చారు, ఇడ్లీలోకి బాగుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచుకోవచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ ఎర్ర రాస్ప్‌బెర్రీకి చలికాలంలో వందల గంటల పాటు ఏడు డిగ్రీల లోపు చలి కావాలి, అది లేకపోతే మొగ్గ సరిగా విచ్చదు. మన మైదానాల్లో ఆ చలి దొరకదు. నీలగిరుల్లో అడవిగా పెరిగే మైసూర్ రాస్ప్‌బెర్రీ దీని బంధువే కానీ, పండు నలుపు, మొక్క వేరు.

వరుస బాగానే ఉంది కానీ నాకు పూర్తి నిశ్చింత లేదు. బోదె పల్లపు చివర ఉన్న మొక్కకి ఈ వసంతంలో పిలకలు మిగతావాటికన్నా తక్కువగా వచ్చాయి. ఆ చివర కాలువలో ఆకులు పేరుకుని నీళ్లు ఆగాయని తర్వాత కనిపెట్టాం. శుభ్రం చేశారు. వచ్చే మేలో ఆ మొక్క పక్కన తవ్వి వేరు గీరి చూస్తాను.

ప్రత్తిపాడు నుంచి నాన్నగారు ఆదివారాలు వీడియో కాల్ చేస్తారు. నవంబర్‌లో వానలు మొదలయ్యాక ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. మనవరాలు ఫోన్ పట్టుకుని చువ్వలు, వాటికి కట్టిన నీలం దారాలు చూపిస్తోంది. "అవి కాదమ్మా, ఫోను కిందికి తిప్పు. కాలవ చూపించు, నీళ్లు కదుల్తన్నాయా?" అన్నారాయన. ఆ పిల్ల గొడుగు పక్కన పడేసి, కాలువ దగ్గర గొంతుక్కూర్చుని ఒక ఎండుటాకు వదిలింది. ఆకు మెల్లగా కంచె వైపు సాగిపోయింది.